ఎగతాళి మాటున జబ్బు దాగొచ్చు!

తెర మీద ‘ఆడంగి’ పాత్ర రాగానే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆ నవ్వు పక్కనే కూర్చున్న పిల్లాడికి గుచ్చుకుంటే? సిగ్గుతో అతడు దాచుకున్నది తేలిగ్గా నయమయ్యే సమస్య కావొచ్చు. అసలు జబ్బే కాకపోవచ్చు. తేడా తెలుసుకుంటే చికిత్స అవసరమైనవారికి అది సకాలంలో అందుతుంది. మిగతావారికి అనవసర చికిత్స తప్పుతుంది.

సినిమాల్లో, టీవీ కామెడీ స్కిట్లలో మగవాడు చీర కట్టి వయ్యారంగా నడవటం పాత హాస్యమే. చూసేవాళ్లకది కాసేపు కాలక్షేపం. కానీ ఆ పాత్ర పేరే మర్నాడు బడిలో ఎవరో ఒక కుర్రాడికి మారుపేరవుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల నుంచి ఓపీకి వచ్చే పిల్లలు ఈ మాట నేరుగా చెప్పరు. కడుపునొప్పి అనో, నిద్ర పట్టట్లేదనో అంటారు. చొక్కా విప్పమంటే తటపటాయిస్తారు. చెరువులో ఈతకు, బడిలో కబడ్డీకి వెళ్లటం ఎందుకు మానేశావని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

చిక్కేమిటంటే, రొమ్ము పెరిగినవాణ్ని, గొంతు మారనివాణ్ని, సుకుమారంగా నడిచేవాణ్ని, ట్రాన్స్‌జెండర్‌ను, స్వలింగ సంపర్కుణ్ని తెర ఒకే గాటన కట్టేస్తుంది. వైద్యపరంగా ఇవి వేర్వేరు.

ఛాతీ పెరిగితే..

మగపిల్లల్లో రొమ్ము పెరగటాన్ని గైనకోమాస్టియా అంటారు. యుక్తవయసులో హార్మోన్ల హెచ్చుతగ్గులతో చాలామందిలో కనిపిస్తుంది. మామూలుగా ఏడాది, రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. బరువు ఎక్కువున్నవారిలో అది కేవలం కొవ్వు కావొచ్చు. దీంతో ‘మగతనం’ తగ్గిపోదు.

పెద్దవాళ్లలోనైతే కారణం వెతకాలి. మద్యంతో కాలేయం దెబ్బతిన్నవారిలో, గుండె జబ్బుకు, పొట్టలో నీటికి స్పిరోనోలాక్టోన్ వాడేవారిలో రొమ్ము పెరగొచ్చు. అలాగని మందులు సొంతంగా ఆపొద్దు. డాక్టరుకు చెబితే అవసరాన్ని బట్టి మారుస్తారు. ఒకవైపే గట్టి గడ్డ, చనుమొన లోపలికి పోవటం, రక్తం కారటం, వృషణంలో గడ్డ ఉంటే ఆలస్యం చేయొద్దు. రొమ్ము క్యాన్సర్ మగవాళ్లకూ అరుదుగా వస్తుంది. సిగ్గుపడి దాచుకుంటే ముదిరిపోతుంది.

గొంతు మారకపోతే..

యుక్తవయసు వచ్చి, గొంతు నిర్మాణం మామూలుగానే ఉన్నా కొందరిలో సన్నని గొంతే కొనసాగుతుంది. దీన్ని ప్యూబర్‌ఫోనియా అంటారు. ఈఎన్‌టీ వైద్యులు పరీక్షించాక స్పీచ్ థెరపీ ఇప్పిస్తే చాలామందికి కొద్ది వారాల్లోనే మార్పు కనిపిస్తుంది. మందులు, ఇంజెక్షన్లు అక్కర్లేదు. అయితే 14 ఏళ్లు నిండినా వృషణాలు పెరగటం మొదలుకాకపోతే హార్మోన్ పరీక్షలు చేయించాలి. బాగా పొడవు పెరిగి, వృషణాలు చిన్నగా ఉండి, రొమ్ములు పెరిగితే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి. ఇందులో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటుంది.

మనసు వేరుగా చెబితే..

పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా తాను అమ్మాయినేనని కొందరికి లోపలి నుంచి అనిపిస్తుంది. అమ్మాయిగా పుట్టి అబ్బాయిననుకునేవారూ ఉంటారు. ఇది సినిమాలు చూసి అంటుకునేది కాదు, పెంపకం లోపమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన కొత్త వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. అది 2022 నుంచి అమల్లో ఉంది. స్వలింగ ఆకర్షణ కూడా జబ్బు కాదు. ఇలాంటివారిని ‘మార్చేస్తామ’ని చికిత్స చేయటం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. భూతవైద్యం, బలవంతపు పెళ్లి కూడా పరిష్కారం కావు. పెళ్లి చేస్తే ఇంకొకరి జీవితమూ చిక్కుల్లో పడుతుంది.

ఇల్లు తోసేస్తే అసలు ప్రమాదం మొదలవుతుంది. మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని ఇష్టానుసారం మింగేవారున్నారు. ఈస్ట్రోజన్‌తో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. పొగతాగేవారికి అది ఇంకా ఎక్కువ. అర్హత లేనివారి చేత రహస్యంగా అంగం తీయించుకుంటే తీవ్ర రక్తస్రావం, ఇన్ఫెక్షన్, తర్వాత మూత్రనాళం మూసుకుపోవటం వంటివి రావొచ్చు. వృషణాలు తీసేశాక హార్మోన్లు వాడకపోతే ఎముకలు గుల్లబారతాయి. ఇవన్నీ వైద్యుల పర్యవేక్షణలో చాలావరకు నివారించగలిగినవే.

వేషం తప్పు కాదు

మగవాళ్లు ఆడవేషం వేయటం మనకు కొత్తేమీ కాదు. పగటివేషాల్లో అర్ధనారీశ్వరుణ్ని చూసినవాళ్లం. సత్యభామ పాత్రలో మెప్పించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో స్త్రీ పాత్రలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో ఆ గౌరవం దక్కింది. ఆనాటి ప్రేక్షకులు ఆ అభినయానికి ముగ్ధులయ్యారు. ఇప్పుడు చాలా స్కిట్లలో ఆ నడక, ఆ గొంతే జోకు. అదే తేడా.

తెర మేలూ చేయగలదు. తమిళం నుంచి 2011లో తెలుగులోకి వచ్చిన ‘కాంచన’ దెయ్యం కథే అయినా, కన్నవాళ్లు గెంటేసిన ట్రాన్స్‌జెండర్ కష్టం చూసి మన ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టారు. అందులో కాంచన తనలాంటి మరో అమ్మాయిని డాక్టరును చేయాలని తపిస్తుంది. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉద్యోగంలో చేరారు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఈ మాట కూడా పిల్లలకు చెప్పండి.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

* ‘ఆడంగి’, ‘కొజ్జా’ వంటి మాటలు ఇంట్లో సరదాకైనా వాడొద్దు. పిల్లలు తమ కష్టం చెప్పుకోవాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటారు.

* పిల్లాడు బడి మానేస్తున్నా, ఒంటరిగా ఉంటున్నా, ఎండాకాలంలోనూ చొక్కా మీద చొక్కా వేసుకుంటున్నా తిట్టకుండా కారణం అడగండి.

* ముందు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. అవసరమైతే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపుతారు. పిల్లాడు కోరితే వైద్యుడితో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

* లైంగిక సమస్యలన్నీ తీరుస్తామనే ప్రకటనలు చూసి డబ్బు, ఆరోగ్యం పోగొట్టుకోవద్దు.

* చనిపోవాలనిపిస్తోందని ఎవరన్నా తేలిగ్గా తీసుకోవద్దు. అతణ్ని ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు అందకుండా చూసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.