చుక్క చిన్నదే, ఉత్తరం ఎవరికి?

పిల్లల కాలేజీ దరఖాస్తుకైనా, పెద్దల పింఛను పనికైనా, దూరదేశంలోని కొడుకూ కూతుళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలకైనా నేడు ప్రతి ఇంటికీ ఈమెయిల్ చిరునామా కావలసివస్తున్నది. దానిని చెప్పేటప్పుడు, "పేరుకూ ఇంటిపేరుకూ మధ్య చుక్క ఉందా?" అని ఎదుటివారు అడుగుతారు. ఉంటేనేమి, లేకుంటేనేమి అని కొందరనుకుంటారు. దీనికి అన్నిచోట్లా ఒకే జవాబు లేదు గనుక మేము ఈ సంగతిని వివరించదలచాము.

చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాతి భాగం తపాలా కార్యాలయం వంటిది. ముందు భాగం అక్కడి పెట్టె పేరు. 2008లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 5321 అనే ప్రమాణం ప్రకారం, ఆ ముందు భాగానికి అర్థం చెప్పవలసినది ఉత్తరాన్ని అందుకునే సంస్థ మాత్రమే. కాబట్టి సంస్థకొక పద్ధతి ఏర్పడింది.

2004 ఏప్రిల్ 1న మొదలైన జీమెయిల్ చుక్కలను లెక్కచేయదు. 'సునీతరావు', 'సునీత.రావు' అనే రెండు పేర్లకు వచ్చే ఉత్తరాలూ ఒకే పెట్టెలో పడతాయి. ఒకరు తీసుకున్న పేరును చుక్క చేర్చి మరొకరు తీసుకోలేరు. ప్రోటాన్ మెయిల్ చుక్కతోపాటు హైఫన్‌ను, అండర్‌స్కోర్‌ను కూడా పట్టించుకోదు. మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్‌లో మాత్రం చుక్క ఉన్న చిరునామా ఒకరిది, లేనిది వేరొకరిది కావచ్చు. గూగుల్ సేవనే వాడుకునే కార్యాలయాల, కళాశాలల సొంత చిరునామాలలో కూడా చుక్కకు విలువ ఉంది. అక్కడ చుక్క మరచితే ఇంటర్వ్యూ పిలుపు చేరకుండానే పోవచ్చు.

జీమెయిల్‌లో మరొక చిక్కు ఉంది. మీ పేరే గల మరొకరు తమ చిరునామా అనుకుని మీ పేరును చుక్కతో ఎక్కడైనా రాసియిస్తే, వారి ఉత్తరాలు మీకు వస్తాయి. అంతమాత్రాన మీ పెట్టెలో దొంగలు పడ్డారని భయపడనక్కరలేదు.

అయితే జాగ్రత్త అవసరమే. 2018లో ఒక మోసపు ఉపాయం వెలుగులోకి వచ్చింది. నెల చందాకు సినిమాలు చూపే సంస్థకు చుక్క ఉన్న చిరునామా, లేని చిరునామా వేర్వేరు. మోసగాడు మీ చిరునామాకు చుక్క చేర్చి అక్కడ ఖాతా తెరుస్తాడు. డబ్బు కట్టమనే ఉత్తరం నిజంగా ఆ సంస్థ నుండే మీకు వస్తుంది. అది మీ ఖాతాయే అనుకుని కార్డు నంబరు ఇస్తే, అతని చందా మీరు కడతారు.

కాబట్టి చిరునామాను ఇచ్చినది ఇచ్చినట్టే రాయండి. ఫోనులో చెప్పేటప్పుడు చుక్కను కూడా పలికి, తిరిగి చదివించుకోండి. డబ్బు అడిగే ఉత్తరం వస్తే అది ఏ చిరునామాకు వచ్చిందో ముందుగా చూడండి. మీది కాని వైద్య నివేదికో, పరీక్షా ఫలితమో వస్తే, పంపిన సంస్థకు తెలియజేసి తీసివేయండి. దాని కొరకు మరొక ఇంట ఎవరో ఎదురుచూస్తున్నారని మరచిపోకూడదు.