నల్లగండిని చూడబోవువారికి

నది కొండను కోసికొని పోయిన చోటును మనము గండి అందుము. పెన్నానది ఒడ్డున గండికోటను చూచినవారికి ఆ మాట ఎంత సార్థకమో తెలియును. అమెరికాలోని కొలొరాడో రాష్ట్రమున గన్నిసన్ అను నది తొలిచిన గండి యొకటి కలదు. వెలుతురు లోనికి చొరలేకపోవుటచే దానికి ‘బ్లాక్ కేన్యన్’, అనగా నల్లగండి, అని పేరు వచ్చినది. కొన్ని తావులలో దినమునకు సుమారు అరగంట మాత్రమే ఎండ తగులునట. 1933లో దీనిని జాతీయ స్మారకముగను, 1999లో జాతీయోద్యానముగను ప్రకటించిరి.

ఇంతకంటె లోతైన గండ్లు లోకమున లేకపోలేదు. ఇంతకంటె ఇరుకైనవియు కలవు. లోతు, ఇరుకు, నిటారుతనము మూడును ఒక్కచోట కూడుట మాత్రము అరుదు. ‘చాజమ్ వ్యూ’ అనుచోట ఒక అంచునుండి మరియొక అంచునకు దూరము 1,100 అడుగులు. క్రిందికి లోతు 1,820 అడుగులు. అడుగున మిక్కిలి ఇరుకైన తావున వెడల్పు 40 అడుగులే. ‘పెయింటెడ్ వాల్’ అను రంగులగోడ ఎత్తు 2,250 అడుగులు. తొమ్మిది కుతుబ్‌మీనారులను ఒకదానిపై నొకటి నిలిపినను దాని తల నందుకొనజాలవు.

ఈ గోడలు ఇట్లు నిటారుగా నిలుచుటకు కారణమేమి? మొదటి కారణము రాయి. అది సుమారు 170 కోట్ల సంవత్సరముల నాడు భూగర్భమున వేడికిని ఒత్తిడికిని లోనై గట్టిపడిన శిల. రెండవది నీటి వాలు. ప్రసిద్ధమైన గ్రాండ్ కేన్యన్‌లో కొలొరాడో నది మైలుకు సగటున ఏడున్నర అడుగులు దిగును. ఈ ఉద్యానములో గన్నిసన్ మైలుకు సుమారు 95 అడుగులు దిగును. మొదట ఈ నది మెత్తని అగ్నిపర్వత శిలలపై దారి చేసికొన్నది. ఆ పొర అరిగి క్రింది గట్టిరాయి తగులునప్పటికి, తాను త్రవ్వుకొన్న గాడిలో తానే చిక్కుకొన్నది. ప్రక్కకు తొలగు వీలులేక సుమారు 20 లక్షల సంవత్సరములు క్రిందికే కోసినది. రాయి మెత్తనిదైనచో గోడలు విరిగిపడి లోయ విశాలమయ్యెడిది. ఇచట వానయు మంచును గోడలను అరుగదీయుటకంటె నది అడుగును కోయుటే వేగముగా సాగినది.

ఈ కాఠిన్యమే మనుష్యులను దూరముగా నుంచినది. 1853లో రైలుమార్గమునకై దారి వెదకుచు వచ్చిన కెప్టెన్ జాన్ గన్నిసన్ ఈ గండిని చుట్టి తప్పించుకొని పోయెను. కాని ప్రక్కనున్న అన్‌కంపాగ్రే లోయలోని రైతులకు అట్లు తప్పించుకొను వీలులేదు. వారి పొలములు ఎండుచుండెను. నీరున్న నది అగాధమున పారుచుండెను. కొండలో సొరంగము త్రవ్వినగాని నీరు రాదు. గండిని పరీక్షించినగాని సొరంగమునకు చోటు తెలియదు. 1900లో ఐదుగురు చెక్కపడవలతో దిగి, నెలదినములు శ్రమించి విరమించిరి. వారిలో నొకడైన విలియం టారెన్స్ మరుసటి యేడు అబ్రహాం లింకన్ ఫెలోస్ అను ఇంజనీరుతో మరల దిగెను. ఈసారి పడవకు మారుగా గాలి నింపిన రబ్బరు పరుపు. దానినే ఆధారముగా గొని 9 దినములలో 33 మైళ్లు సాగిరి. తుదకు 5.8 మైళ్ల సొరంగము సిద్ధమై, 1909 సెప్టెంబరు 23న అధ్యక్షుడు టాఫ్ట్ చేతులమీదుగా ప్రారంభమయ్యెను. నేటికిని ఆ నీరే ఆ లోయను తడుపుచున్నది.

ఇక చూడబోవువారి మాట. ఉద్యానములో గండిని దాటు వంతెన లేదు. ఎదుటి అంచు కన్నుల ముందే యున్నను, కారులో అచటికి చేరుటకు రెండు మూడు గంటలు పట్టును. చలికాలమున ఉత్తరపు దారి మూతబడును. 2025 జూలైలో దక్షిణపు అంచున కార్చిచ్చు చెలరేగినది గనుక, ఏ దారులు తెరచియున్నవో ముందుగా విచారించుకొనుట మేలు. అంచు పొడవునను కమ్మీలు లేవు. పిల్లల చేయి విడువరాదు. సరదాకైనను రాయి విసరరాదు, క్రింద మనుష్యులుండవచ్చును.

అడుగునకు దిగదలచినవారు అనుమతిపత్రము పొందవలెను. దక్షిణపు అంచునుండి పోవు ‘గన్నిసన్ రూట్’ ఒక్క మైలులో 1,800 అడుగులు దిగును. నడుమ 80 అడుగుల గొలుసును పట్టుకొని దిగవలసిన చోటు కలదు. తగిలినచో చర్మము బొబ్బలెక్కు విషపుమొక్క దారి పొడవున పెరుగును. మనిషికి నాలుగు లీటర్ల నీరు ఉండవలెను. ఎగువన మూడు ఆనకట్టలు వెలసి నది ఉధృతి తగ్గినను, అది ఈదదగిన నీరు కాదు. చల్లన, వడి మెండు.

దిగునప్పుడు దేహభారము మనకు తోడ్పడును. ఎక్కునప్పుడు అదే బరువగును. నదికి మరల పైకి రావలసిన పని లేదు, మనకు కలదు. కావున చేతనున్న నీటిలోను, పగటిలోను, శక్తిలోను సగమునకు మించిన భాగమును తిరుగుదారికి మిగుల్చుకొని దిగవలెను. అంత ఓపిక లేదనిపించినచో అంచున నిలిచి చూచి మరలుటలో చిన్నతనమేమియు లేదు. గండి సొగసులో అధికభాగము పైనుండియే కానవచ్చును.