యూరప్ ప్రయాణం – వేళకు భోజనం, వేళకు మందు

ఈ రోజుల్లో మన హబ్సిగూడ, నాచారం, ఉప్పల్ వైపు చాలా ఇళ్లలో పిల్లలు జర్మనీలోనో, ఇంగ్లండులోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటున్నారు. వేసవి రాగానే అమ్మానాన్నలను రమ్మంటారు. రిటైరైనవారు కొందరు టూరు వాళ్లతో కలిసి పది పన్నెండు రోజుల్లో ఐదారు దేశాలు చూసి వస్తారు. ఇంట్లో పెద్దవారికి చక్కెర వ్యాధి, బి.పి. ఉంటే మాత్రం కుటుంబంవారికి ఒకటే దిగులు: "సిస్టర్, అక్కడి తిండి వీళ్లకు పడుతుందా?"

తిండి సాధారణంగా పడుతుంది. ఇబ్బంది వచ్చేది వేళ తప్పినప్పుడు. ఇంటి దగ్గర ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు అన్నం, రాత్రి ఎనిమిదింటికి చపాతీ తింటారు. డాక్టరుగారు మందు రాసింది ఆ వేళలను బట్టే. ప్రయాణంలో మాత్ర వేళకు వేసుకుంటారు, భోజనం మాత్రం రెండు గంటలు ఆలస్యమవుతుంది. పైగా రోజంతా నడక. అప్పుడే షుగర్ పడిపోతుంది. కాబట్టి టికెట్లు, వీసాలతోపాటు భోజన వేళలను కూడా ముందే ఆలోచించుకోండి.

బయలుదేరే ముందు

- నెల రోజుల ముందే డాక్టరుగారిని కలవండి. మందుల చీటీలో కంపెనీ పేరు ఒక్కటే కాక మందు అసలు పేరు కూడా రాయించుకోండి. మన దగ్గరి కంపెనీ పేర్లు అక్కడి మందుల షాపుల్లో తెలియవు. చీటీ లేకుండా చాలా మందులు ఇవ్వరు కూడా.
- మొత్తం ప్రయాణానికి సరిపడా మందులు, పైన ఒక వారానికి అదనంగా పెట్టుకోండి. మాత్రలు షీటులోనే ఉంచండి.
- ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే పెట్టండి. విమానం అడుగున వేసే పెట్టెలో గడ్డకట్టి పాడైపోవచ్చు.
- షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. చాలా పాలసీలు వర్తించవు.
- ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీల గడియారం వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. అంటే వెళ్లే రోజు అంత పొడుగవుతుంది. ఆ రోజు ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో డాక్టరుగారితో రాయించుకోండి. సొంతంగా మార్చవద్దు.

అక్కడి భోజన వేళలు

ఇటలీలో చాలా హోటళ్లలో మధ్యాహ్నం భోజనాలయ్యాక వంట ఆపేస్తారు. మళ్లీ రాత్రి ఏడున్నర దాటాకే. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికి. జర్మనీలో ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు. కాబట్టి శనివారమే పండ్లు, బ్రెడ్డు, పెరుగు కొని పెట్టుకోవాలి. సాయంత్రం నాలుగు, ఐదు గంటలకు తినడానికి చేతి సంచిలో ఏదో ఒకటి తప్పక ఉండాలి. వేయించిన శనగలు, పల్లీలు, ఒక ఆపిల్ చాలు.

షుగర్ పడిపోతే

చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాటలో తడబాటు – ఇవి గుర్తులు. ఇన్సులిన్ వేసుకునేవారికి, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. పరీక్షలో 70 కన్నా తక్కువ వస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట తరువాత మళ్లీ పరీక్షించి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి. కోలుకోగానే బ్రెడ్డో, బిస్కెట్టో తినిపించండి. చాక్లెట్టు నమ్ముకోవద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. వోగ్లిబోస్ మాత్ర వాడేవారికి పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు.

యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో అత్యవసర నంబరు 112. ఇంగ్లండులో 999.

ఇంకొక మాట. ఇంగ్లండు, స్విట్జర్లాండ్ వంటి చోట్ల షుగర్‌ను వేరే లెక్కలో చెబుతారు. దానిని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. అక్కడ 6 అంటే మనకు 108. అక్కడ 12 అంటే 216. ఈ సంగతి మందుల చీటీ వెనుక రాసి ఉంచండి.

ఏమి తినాలి?

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలన్నది అందులోని ముఖ్యమైన సలహా. అది విదేశంలోనూ పాటించవచ్చు.

- ఇటలీలో మినెస్ట్రోన్ అనే కూరగాయల సూపు, గ్రీసులో ఫసోలాడా అనే చిక్కుడు గింజల సూపు, ఫ్రాన్స్‌లో వంకాయ, టమాటాలతో చేసే రటటూయ్ దొరుకుతాయి. ఇవి మన పప్పు, కూరలకు దగ్గరివే.
- పొద్దున హోటల్లో తీపి రొట్టెలకు బదులు ఉడికించిన గుడ్డు, చక్కెర లేని పెరుగు, ముతక బ్రెడ్డు తీసుకోండి.
- శాకాహారులు "మాంసం ఉందా?" అని మాత్రమే అడిగితే చాలదు. సూపు, రిసొట్టో మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తుంటారు. ఆ సంగతి విడిగా అడగండి.
- బి.పి. ఉన్నవారు చీజు, సాసేజీ, ప్యాకెట్ సూపు తగ్గించాలి. అక్కడి ప్యాకెట్ల మీద 100 గ్రాములకు ఎంత ఉప్పు ఉందో రాసి ఉంటుంది. రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు మించకూడదు.

ఇక్కడి నుంచి ఏమి పట్టుకెళ్లాలి?

యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి మనలాంటి బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకువెళ్లకూడదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా, పనీర్ ఇంట్లోనే ఉంచండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా ధ్రువపత్రం లేకుండా పనికిరావు. కందిపొడి, అటుకులు, ఓట్సు, వేయించిన శనగలు చక్కగా పనికివస్తాయి. ఊరగాయలో ఉప్పు ఎక్కువని మరువకండి.

చివరగా, ఇంటి దగ్గర ఉండిపోయే మీకొక మాట. అమ్మానాన్నలు ఫోను చేసినప్పుడు "మాత్ర వేసుకున్నారా?" అని తప్పక అడుగుతారు. అంతకన్నా ముందు "ఎన్నింటికి తిన్నారు, ఏం తిన్నారు?" అని అడగండి. భోజనం వేళ తప్పిందని తెలిస్తే, వెంటనే ఏదైనా తినమని, షుగర్ పరీక్షించుకోమని చెప్పండి.