ఆచార్య రాధాకృష్ణారావుగారి లెక్క

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నియు ఒత్తి చూడము. అన్నియు ఒకే యెసటిలో ఉడికినవి గనుక ఒక్క మెతుకు చాలును. కాని అంగడివాడు సంచి పైనుండి తీసి చూపిన గుప్పెడు కందిపప్పును నమ్మి సంచియంతయు కొనుటకు మనలో నెవరును సాహసింపము. మచ్చు చూచి మొత్తమును ఊహించునపుడు ఆ యూహ యెంతవఱకు నమ్మదగినది? సంఖ్యాశాస్త్రములో నిది పెద్ద ప్రశ్న. దీనికి లోకమంతయు మెచ్చిన సమాధానము చెప్పినవారు మన తెలుగువారే, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు.

వీరు 1920 సెప్టెంబరు 10వ తేదీన బళ్లారి సీమలోని హడగల్లిలో జన్మించిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవారగుటచే కృష్ణుని పేరు పెట్టిరట. తండ్రిగారిది పోలీసు ఉద్యోగము. బదిలీల వెంట చదువును ఊరూరు తిరిగినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు దినదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడివారు. ఆచార్యులవారు పెద్దవారైన పిదప తమ గ్రంథమొకదానిని ఆమెకు అంకితమిచ్చుచు ఈ సంగతినే వ్రాసికొనిరి. నాలుగింటికి లేపవలెనన్న, లేపువారు అంతకు ముందే లేవవలయును గదా!

ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము ముగించి, యుద్ధకాలమున ఉద్యోగమునకై కలకత్తా వెళ్లిరి. ఆ యుద్యోగము దొరకలేదు. అచ్చటి భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో 1941లో విద్యార్థిగా చేరిరి. మూడేండ్లకు తామే పాఠములు చెప్పుచుండిరి. ఒకనాడు, మచ్చు మిక్కిలి పెద్దదైనపుడు పొరపాటు ఎంతవఱకు తగ్గునో తెలుపు ఫిషరు పండితుని ఫలితమును బోధించుచుండగా, చిన్న మచ్చునకు దీనిని నిరూపింపరాదా యని యొక విద్యార్థి ప్రశ్నించెను. ఇరువదినాలుగేండ్ల గురువు ఆ రాత్రి యింట కూర్చుండి లెక్క కట్టి, మఱునాడు తరగతిలో నిరూపించి చూపెను. మా యింటను ఉపాధ్యాయులున్నారు. ప్రశ్నించిన పిల్లవానిని కూర్చుండుమని కసరుట యెంత సులభమో వారే యొప్పుకొందురు.

ఆ ఫలితము 1945లో కలకత్తా గణిత సంఘమువారి పత్రికలో వెలువడినది. పక్షపాతము లేని యే పద్ధతితో నెంత నేర్పుగా అంచనా కట్టినను, పొరపాటు ఒక హద్దునకు దిగువకు పోజాలదు. ఆ హద్దును నిర్ణయించునది మచ్చులో దాగిన సమాచారమే. మోటు అంచనాను సవరించి మెఱుగుపఱచు ఉపాయమును ఆ వ్యాసముననే కలదు. స్వీడను దేశీయుడైన క్రామెరుగారును వేఱుగా ఈ హద్దును కనుగొనుటచే ఇరువురి పేర దానిని పిలిచెదరు. ఆకాశమున విమాన మెచ్చటనున్నదో రాడారుతో గుర్తించు ఇంజనీర్లు సైతము, తమ యంత్రము ఎంత సూక్ష్మముగా చెప్పగలదో ఈ హద్దుతో సరిచూచుకొందురు.

పిమ్మట కేంబ్రిడ్జిలో, సూడాను త్రవ్వకములందు దొరకిన ప్రాచీన మానవుల యెముకల కొలతలను పరిశీలించుచు, ఆ ఫిషరుగారికే శిష్యులై 1948లో డాక్టరు పట్టమందిరి. తిరిగి వచ్చి కలకత్తాలో దాదాపు మూడు దశాబ్దములు బోధించిరి. ఆపై అమెరికాలో మఱి కొన్ని దశాబ్దములు.

2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము వారికి లభించినది. అది 1945 నాటి ఆ వ్యాసమునకే. అప్పటికి వారి వయస్సు 102 సంవత్సరములు. ఆ యేడే ఆగస్టు 22న కన్ను మూసిరి.