బిళ్ల మింగినా మలేరియా ఎందుకు తగ్గడం లేదు?

విజయవాడ వన్ టౌన్‌లో, ముఖ్యంగా కొండ మీది ఇళ్లలో, నీళ్లు డ్రమ్ముల్లో పట్టి దాచుకోవడం మామూలే. మూత లేని డ్రమ్ములో, మేడ మీది ట్యాంకులో నిలిచిన మంచినీళ్లలోనే పట్టణ మలేరియా దోమ అనాఫిలిస్ స్టీఫెన్సీ గుడ్లు పెడుతుంది. చలిజ్వరం రాగానే పెద్దవాళ్లు "క్లోరోక్విన్ వేసుకో బేటా, తగ్గిపోద్ది" అంటారు. వాళ్ల రోజుల్లో నిజంగానే తగ్గేది. ఇప్పుడు అది ఏ రకం మలేరియా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఈ క్రిమి మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా మిగిలే 'హీమ్' దానికే విషం. అందుకని తన కడుపులాంటి సంచిలో దాన్ని గట్టి పలుకులుగా మార్చేస్తుంది. క్లోరోక్విన్ ఆ సంచిలో చేరి పలుకు కట్టనివ్వదు. క్రిమి తన విషంతో తానే చస్తుంది.

ఫాల్సిపారం రకం దీనికి దారి వెతుక్కుంది. సంచి గోడలో పీఎఫ్‌సీఆర్‌టీ అనే ప్రోటీన్ ఉంది, తలుపు లాంటిది. అందులో 76వ స్థానంలో ఉండే లైసిన్‌కు ధనావేశం ఉంటుంది. సంచిలోని క్లోరోక్విన్‌కూ అదే ఆవేశం కాబట్టి మందును బయటికి పోనివ్వదు. లైసిన్ స్థానంలో థ్రియోనిన్ వచ్చిందంటే కాపలావాడు లేచిపోయినట్టే. దానికి మరికొన్ని మార్పులు తోడై మందు తలుపులోంచి బయటికి పోతుంది. ఈ సంగతి 2000లో తేలింది. అంటే బిళ్ల నకిలీది కానక్కర్లేదు, మందు ఉండాల్సిన చోట నిలవడం లేదంతే. అలాగని డోసు పెంచుకుంటే గుండెకే ముప్పు.

మన దేశంలో ఈ నిరోధకత మొదట 1973లో అస్సాంలో బయటపడింది. ఇప్పుడు ఫాల్సిపారానికి ఆర్టిమిసినిన్ రకం మందును మరో మందుతో కలిపి ఇస్తారు. వైవాక్స్‌కు మాత్రం ఇప్పటికీ క్లోరోక్విన్ మూడు రోజులు, కాలేయంలో దాక్కున్న క్రిములకు ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. రకం తేలేది రక్తపరీక్షలోనే, ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితం.

ఆఫ్రికాలోని మలావీ 1993లో క్లోరోక్విన్ వాడకం మానేసింది. ఏళ్లు గడిచేసరికి తలుపు మారిన క్రిములు అక్కడ దాదాపు కనుమరుగయ్యాయి. 2006లో వెలువడిన పరీక్షలో అక్కడి పిల్లలకు అదే పాత బిళ్ల మళ్లీ పనిచేసింది.