వేసవిలో క్యాంపస్‌కి వెళ్తే సీటు వచ్చినట్టేనా?
అమెరికా ప్రీ-కాలేజ్ ప్రోగ్రాములు: అపోహలు – వాస్తవాలు

ఓ ఫిబ్రవరి సాయంత్రం మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాడికి అమెరికా నుంచి మెయిల్ వచ్చింది. పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో పది రోజులట. వీణ్ణి నామినేట్ చేశారట. శుక్రవారం లోపల డిపాజిట్ కట్టాలట" అంది. గొంతులో సంతోషం, కంగారు రెండూ ఉన్నాయి. మేనల్లుడు హైదరాబాద్‌లో పదకొండో తరగతి. ఆ మెయిల్ ముగ్గురం కూర్చుని వాక్యం వాక్యం చదివాం. వాడి పేరు ఎవరు సూచించారో, ఏం చూసి ఎంచుకున్నారో అందులో లేదు. ఫీజు, గడువు తేదీ మాత్రం స్పష్టంగా ఉన్నాయి.

ఇలాంటి మెయిళ్లు హైదరాబాద్, విజయవాడల్లోని ఇళ్లకే కాదు, ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్‌లలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లకూ వస్తుంటాయి. హైస్కూల్ పిల్లల కోసం అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఏటా జూన్ నుంచి ఆగస్టు దాకా జరిగే చదువులివి. వీటిలో పిల్లల ఆలోచననే మార్చేసేవి ఉన్నాయి. ఫీజు తీసుకుని క్యాంపస్ చూపించి పంపేవీ ఉన్నాయి. రెండింటికీ తేడా తెలియక లక్షలు పోగొట్టుకునేవారి కోసమే ఈ వ్యాసం.

అపోహ 1: హార్వర్డ్‌లో సమ్మర్ కోర్సు చేస్తే హార్వర్డ్‌లో సీటు వచ్చినట్టే.

వాస్తవం: వేసవి కోర్సు నడిపే విభాగం వేరు, డిగ్రీలో చేర్చుకునే విభాగం వేరు. హార్వర్డ్‌లో రెండు వారాల ప్రీ-కాలేజ్ ప్రోగ్రాంను నడిపేది హార్వర్డ్ సమ్మర్ స్కూల్. అందులో మార్కులు, డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిట్లు ఉండవు. ఫీజు 5 వేల డాలర్ల పైనే, అంటే మన డబ్బుల్లో 4 లక్షలు దాటుతుంది. విమాన టికెట్టు అదనం. అక్కడ పాఠాలు బాగుండవని కాదు. హాస్టల్లో ఉండటం, కొత్త స్నేహాలు, తరగతిలో చర్చలు పిల్లలకు మంచి అనుభవమే. కానీ ఆ సర్టిఫికెట్ డిగ్రీ సీటుకు టోకెన్ కాదు. ఎంఐటీ అడ్మిషన్స్ విభాగమైతే ఈ సంగతి తన వెబ్‌సైట్‌లోనే చెబుతోంది: చాలా సమ్మర్ ప్రోగ్రాములు పెద్ద ఫీజు కట్టగలిగిన వారిలో దాదాపు అందరినీ తీసుకుంటాయి, ప్రతిభ చూసి ఎంచుకునేవి కొన్నే.

అపోహ 2: "నామినేట్ అయ్యారు" అని మెయిల్ వస్తే అది గౌరవమే.

వాస్తవం: నిజంగా పోటీ ఉన్న ప్రోగ్రాములు పిల్లల్ని వెతుక్కుంటూ రావు, పిల్లలే దరఖాస్తు పెట్టుకోవాలి. వ్యాసాలు రాయాలి, టీచర్ల సిఫారసు లేఖలు పంపాలి, కొన్నిచోట్ల కఠినమైన లెక్కలు చేసి పంపాలి. ఇంకో సంగతి. వేసవిలో ఖాళీగా ఉండే హాస్టళ్లను, తరగతి గదులను విశ్వవిద్యాలయాలు బయటి సంస్థలకు అద్దెకిస్తాయి. క్యాంపస్ యూనివర్సిటీదే, పాఠం చెప్పేది మాత్రం మరొకరు. మా మేనల్లుడు ఆ మెయిల్‌కు ఒకే ప్రశ్నతో జవాబు రాశాడు: "నన్ను ఎవరు నామినేట్ చేశారు?" సమాధానం రాలేదు. డిపాజిట్ కట్టలేదు.

అపోహ 3: ఫీజు ఎంత ఎక్కువైతే చదువు అంత గొప్పది.

వాస్తవం: చాలావరకు దీనికి తలకిందులు. ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ 1984లో మొదలైంది. ఆరు వారాలు, సుమారు వంద మంది పిల్లలు, చదువుకూ బసకూ ఫీజు లేదు. 1954 నుంచి టెల్యూరైడ్ అసోసియేషన్ నడుపుతున్న వేసవి సెమినార్లూ ఉచితమే. అక్కడ ఇంజినీరింగ్ కాదు, చరిత్ర, సమాజం, సాహిత్యం చదివి చర్చిస్తారు. గ్రేడ్లు ఉండవు. పిల్లలు రాసిన వ్యాసాలను శ్రద్ధగా చదివి ఎంచుకుంటారు. మన ఇళ్లలో సైన్స్ పిల్లలకే అవకాశాలున్నాయనుకుంటాం కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

అమెరికాలోని తెలుగువారు ఒకటి గమనించాలి. ఎంఐటీ ఉచితంగా నడిపే మైట్స్ ప్రోగ్రాం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు దరఖాస్తుకు కూర్చునే ముందే అర్హత చూసుకోవాలి. లేకపోతే నెల రోజుల శ్రమ వృథా అవుతుంది.

అపోహ 4: ఇది మన ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ లాంటిదే, సిలబస్ ముందే పూర్తి చేయిస్తారు.

వాస్తవం: మంచి ప్రోగ్రాముల్లో సిలబస్‌ను పరిగెత్తించరు, ఒకే విషయం దగ్గర వారాల తరబడి కూర్చోబెడతారు. గణితవేత్త ఆర్నాల్డ్ రాస్ 1957లో మొదలుపెట్టిన గణిత శిబిరంలో ఆరు వారాలూ సంఖ్యా సిద్ధాంతమే. సులువైన విషయాల గురించి లోతుగా ఆలోచించాలన్నది అక్కడి సూత్రం. అక్కడ తయారైనవారే 1989లో బోస్టన్ యూనివర్సిటీలో ప్రోమిస్ అనే శిబిరం పెట్టారు. ఈ రెండు చోట్లా ఒక రకం ప్రశ్న ప్రసిద్ధం: "నిజమైతే రుజువు చెయ్యి. కాకపోతే కాదని చూపించి, ఎలా మారిస్తే నిలబడుతుందో చెప్పు."

ఉదాహరణకు ఇది చూడండి. 2ని ప్రధాన సంఖ్య సార్లు వేసి గుణించి 1 తీసేస్తే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా? రెండుసార్లు వేస్తే 3, మూడుసార్లు 7, ఐదుసార్లు 31, ఏడుసార్లు 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. పిల్లవాడికి ధైర్యం వస్తుంది. పదకొండుసార్లు వేస్తే 2047. అది 23ను 89తో గుణిస్తే వచ్చేది. మాట తప్పయింది. కోచింగ్ సెంటర్లో అయితే "తప్పు" అని టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. ఇక్కడ అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ మాటను తిరగేసి చూస్తే, ఫలితం ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా 2ని ఎన్నిసార్లు వేశామో ఆ సంఖ్య కూడా తప్పకుండా ప్రధాన సంఖ్యేనని తేలుతుంది. దాన్ని పిల్లవాడే కనుక్కుని, పిల్లవాడే రుజువు చేయాలి. దానికి ఒక రాత్రి పట్టొచ్చు, మూడు రోజులూ పట్టొచ్చు.

1959లో కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లో పుట్టిన సమ్మర్ సైన్స్ ప్రోగ్రాందీ ఇదే దారి. ఖగోళ విభాగంలో పిల్లలు చిన్న జట్లుగా భూమికి దగ్గరగా తిరిగే ఒక గ్రహశకలాన్ని టెలిస్కోప్‌తో ఫొటోలు తీస్తారు. నక్షత్రాల మధ్య దాని స్థానం కొలుస్తారు. సొంతంగా ప్రోగ్రాం రాసి దాని కక్ష్య లెక్కగడతారు. పుస్తకం చివర చూసుకోవడానికి జవాబు ఉండదు. ఈ అనుభవానికి ర్యాంకు రాదు. కానీ శాస్త్రం ఎలా పనిచేస్తుందో వంటబడుతుంది.

అపోహ 5: క్రెడిట్ కోర్సు చేస్తే లాభమే తప్ప నష్టం లేదు.

వాస్తవం: క్రెడిట్ ఉన్న కోర్సులో వచ్చిన గ్రేడు రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. తర్వాత కాలేజీలకు దరఖాస్తు చేసినప్పుడు చూపించాల్సి వస్తుంది. పదహారేళ్ల పిల్లవాడు మొదటిసారి ఇల్లు వదిలి, డిగ్రీ స్థాయి కోర్సును కొద్ది వారాల్లో పూర్తి చేయడం చిన్న విషయం కాదు. పైగా భారత్ నుంచి వెళ్లేవారికి క్రెడిట్ ఉన్న పూర్తికాల చదువుకు సందర్శక వీసా సరిపోదు, ఎఫ్-1 విద్యార్థి వీసా కావాలి. క్యాలెండర్ కూడా చూసుకోండి. మన వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అక్కడ తరగతులు మొదలయ్యేసరికి ఇక్కడ ఇంటర్ రెండో ఏడాది పాఠాలు నడుస్తుంటాయి.

అపోహ 6: ఇలాంటి అవకాశాలు విదేశాల్లోనే ఉంటాయి.

వాస్తవం: ఇస్రో 2019లో ప్రారంభించిన యువికా కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లల కోసం. సుమారు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచుతారు. వాటిలో మన శ్రీహరికోట ఒకటి. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎంపికలో పల్లె బడుల పిల్లలకు అదనపు ప్రాధాన్యం ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూల్ టీచర్లు దీని ప్రకటన కోసం ఏటా కనిపెట్టుకుని ఉండాలి. గణితం మీద ప్రేమ ఉన్నవారికి బెంగళూరులోని ఐఐఎస్‌సీలో ప్రోమిస్ ఇండియా ఉంది. విద్య అదే, దూరం మాత్రం ఒక రాత్రి రైలు ప్రయాణం.

అపోహ 7: సమ్మర్ ప్రోగ్రాం లేకపోతే పిల్లవాడు వెనకబడిపోతాడు.

వాస్తవం: అమెరికాలో వందల కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో వ్యాపకాల కోసం పది గళ్లు ఉంటాయి. ఆ జాబితాలో జీతం కోసం చేసిన పనికి ఒక వర్గం, కుటుంబ బాధ్యతలకు మరో వర్గం ప్రత్యేకంగా ఉన్నాయి. వేసవంతా నాన్న కిరాణా కొట్లో లెక్కలు చూసిన అమ్మాయి, మంచానపడ్డ నాయనమ్మను కనిపెట్టుకున్న అబ్బాయి ఆ పని గురించి ధైర్యంగా రాసుకోవచ్చు. అది చెప్పుకోదగిన పనే.

ఇక నిర్ణయం మీది. డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నడిపేది యూనివర్సిటీయేనా, అద్దెకు తీసుకున్న సంస్థా? ఎంపిక ఎలా చేస్తారు? ఆర్థిక సాయం ఉందా? రోజంతా పిల్లవాడు ఏం చేస్తాడు? వీటికి సూటిగా జవాబిచ్చే చోటుకు పంపండి. మంచి ప్రోగ్రాముల గడువులు ఎక్కువగా డిసెంబరు, మార్చి మధ్య ముగుస్తాయి కాబట్టి దసరా సెలవుల్లోనే వెతకడం మొదలుపెట్టండి. అన్నిటికన్నా ముందు పిల్లల్ని ఒక మాట అడగండి: "సీటు సంగతి పక్కన పెడితే, ఆరు వారాలు నీకు దేని గురించి ఆలోచించాలని ఉంది?" జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ జవాబు లేకుండా కట్టే ఫీజు దండగే.