మీ సొంత పనికి మీరే తీర్మానం పెట్టొచ్చా? ఓటు సంగతేంటి? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

ఆదివారం ఉదయం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగ్ జరుగుతోందనుకుందాం. టాప్ ఫ్లోర్ ఓనర్ ఒకరు లేచి, వానొస్తే తన బెడ్‌రూమ్‌లోకి నీళ్లు కారుతున్నాయని, అసోసియేషన్ ఖర్చుతో టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని తీర్మానం పెట్టారు. వెంటనే వెనక నుంచి ఓ గొంతు.. "అది మీ సొంత పని కదండీ, మీరెలా ప్రతిపాదిస్తారు?" అంతే, అసలు విషయం పక్కకు పోయి మీటింగ్ కాస్తా రచ్చరచ్చ.

చాలామంది పొరబడేది ఇక్కడే. తీర్మానం పెట్టడం వేరు, దానిపై ఓటు వేయడం వేరు.

మీటింగులు ఎలా నడపాలో చెప్పే పుస్తకాల్లో బాగా పేరున్నది 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్'. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికా ఆర్మీ ఇంజినీర్ 1876లో దీన్ని తెచ్చారు. ఓ సభకు అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక ఇబ్బంది పడటంతో ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. అమెరికాలో ఎన్నో సంఘాలు ఇప్పటికీ ఈ పుస్తకాన్నే ఫాలో అవుతాయి.

ఇతర సభ్యులకు లేని, తనకు మాత్రమే ఉన్న నేరుగా వ్యక్తిగత లేదా డబ్బు ప్రయోజనం ఉంటే ఆ సభ్యుడు ఓటు వేయకూడదని ఈ పుస్తకం చెబుతుంది. తీర్మానం పెట్టకూడదని, చర్చలో మాట్లాడకూడదని మాత్రం చెప్పదు. ఓటు విషయంలోనూ ఓ ట్విస్ట్ ఉంది. వేయకపోవడం మర్యాద అంటుందే తప్ప, బలవంతంగా ఆపే అధికారం ఎవరికీ ఇవ్వదు. ఎన్నికల్లో పోటీ చేసే వ్యక్తి తన ఓటు తనకే వేసుకోవచ్చని కూడా చెబుతుంది. లేదంటే పదవిపై ఆశ లేని వాళ్లకే ఓటు మిగులుతుంది మరి!

మన లోక్‌సభలో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. రూల్ 371 ప్రకారం ఓ ఎంపీ ఓటును సొంత ప్రయోజనం ఉందన్న కారణంతో సవాలు చేయొచ్చు. అది కూడా డివిజన్ అయ్యాక, ఫలితం ప్రకటించేలోపే చేయాలి. ఆ ఓటు చెల్లదనే అధికారం స్పీకర్‌ది, ఆ నిర్ణయమే ఫైనల్. ప్రజలందరికీ లేదా ఒక వర్గానికి ఉమ్మడిగా ఉండే ప్రయోజనమైతే ఈ రూల్ వర్తించదు. రైతు అయిన ఎంపీ వ్యవసాయ బిల్లుపై ఓటేయడంలో తప్పు లేనిది అందుకే.

కంపెనీ బోర్డుల్లో మాత్రం మాట్లాడటమూ కుదరదు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 184 ప్రకారం, ఒక కాంట్రాక్టులో తనకు సంబంధం ఉంటే డైరెక్టర్ ఆ విషయం బయటపెట్టాలి, ఆ చర్చలో పాల్గొనకూడదు. ప్రైవేటు కంపెనీలకు ఇందులో కొంత సడలింపు ఉంది.

మళ్లీ టెర్రస్ దగ్గరకు వద్దాం. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి అయినప్పుడు దాని రిపేరు ఒక్కరి పని ఎలా అవుతుంది? నీళ్లు ఎవరి ఇంట్లో కారుతున్నాయో వాళ్లే కదా ముందుగా లేచి అడిగేది. వాళ్ల నోరు మూయిస్తే ఆ సమస్య మీటింగ్ దాకా రానే రాదు. అదే ఓనర్ "ఆ పని మా బామ్మర్ది కంపెనీకే ఇవ్వండి" అంటే లెక్క మారిపోతుంది. అప్పుడు బంధుత్వం ముందే చెప్పాలి, ఓటింగ్‌కు దూరంగా ఉండటమే పద్ధతి. ప్రెసిడెంట్ ఒక్కరికే సంబంధించిన తీర్మానం అయితే, అది తేలేదాకా ఆయన అధ్యక్ష స్థానాన్ని ఇంకొకరికి అప్పగించాలని రాబర్ట్స్ రూల్స్ చెబుతున్నాయి.

అయితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో రాబర్ట్స్ రూల్స్ వాటంతట అవే వర్తించవు. ముందు చూడాల్సింది రిజిస్ట్రేషన్ అయిన చట్టాన్ని, తర్వాత బైలాస్‌ను. ఓటుపై నిషేధం కావాలంటే బైలాస్‌లో రాసుకోవాలి. ఎవరు ఏ సంబంధం చెప్పారు, ఎవరు ఓటు వేయలేదు అన్నది ఆ రోజే మినిట్స్ బుక్‌లో రాయించండి. ఆర్నెల్ల తర్వాత బిల్లు మీద గొడవ వస్తే అందరూ తెరిచేది ఆ బుక్కునే.